మగ్గం దిగకుండా విన్న పాటలు

మా పదో తరగతి సోపతిగాళ్ళు వాట్సాప్‌లో ఒక ఆట మొదలుపెట్టారు. రోజుకొకటి చొప్పున మనకు బాగా నచ్చిన పది ఆల్బమ్‌లు పెట్టాలి. విడి పాటలు పెట్టొద్దు, మొత్తం ఆల్బమే లెక్క. ఎందుకు నచ్చిందో రాయొద్దు, కవర్ బొమ్మ పెడితే చాలు. ఈ చివరి షరతు పెట్టినోడు నన్ను బాగా ఎరిగినోడే అయ్యుంటాడు. నోరు విప్పనిస్తే ఒక్కోదాని కింద ఒక్కో రామాయణం రాస్తానని వాడికి తెలుసు. అక్కడ నోరు కట్టేశారు కాబట్టి ఆ రామాయణం ఇక్కడ.

పేర్లు రాసుకుందామని కూర్చుంటే కాగితం ఇట్టే నిండింది. కానీ నిండినవాటిలో సగం ఒక్క పాట కోసం రాసినవే. ఆ ఒక్క పాట తీసేస్తే మిగిలినవి నాకే గుర్తు లేవు. వాటిని ఆల్బమ్‌లు అనడం ఎట్లా? కొట్టేయడం మొదలుపెట్టాను. చివరికి మిగిలినవి చూస్తే అన్నీ మా ఇంట్లో మగ్గాల గదిలో విన్నవే.

మాది గట్టుప్పల్, పుట్టపాక దిక్కు చిన్న ఊరు. నేతపని. ఇంట్లో రెండు గుంట మగ్గాలుండేవి. ఒకదాని మీద నాయిన, ఇంకోదాని మీద చిన్నాయన. గుంటలోకి కాళ్ళు దింపి కూర్చున్నాక మనిషి మగ్గంలో భాగమైపోతాడు. కాళ్ళు కింద తొక్కుతుండాలి. ఒక చెయ్యి తాడు గుంజితే అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ ఉరుకుతుంది. ఇంకో చెయ్యి పోగులను దగ్గరికి నొక్కే దువ్వెన లాంటి పన్నెను గుద్దాలి. పైగా మా దిక్కు చిటికి చీరలు. నూలు ముందే కట్టి రంగులద్ది ఉంటుంది, నేసేటప్పుడు పోగు జరిగితే పువ్వు వంకర పోతుంది. కాబట్టి కళ్ళూ ఖాళీ ఉండవు. ఖాళీగా ఉండేవి చెవులొక్కటే.

రేడియో, టేప్‌రికార్డరు కలిసిన టూ ఇన్ వన్ గోడ గూట్లో ఉండేది. పాట నచ్చలేదని మార్చాలంటే మగ్గం దిగాలి. దిగితే నేత ఆగుతుంది. ఒక పాట కోసం మగ్గం దిగే మనిషి మా ఇంట్లో లేడు. అందుకని ఒక్కసారి క్యాసెట్ పెట్టామంటే ఆ పక్క అయిపోయి బటన్ టక్కుమని పైకి లేచేదాకా అందులో ఏముంటే అది వినాల్సిందే. అరవై నిమిషాల క్యాసెట్ అయితే అరగంట. ఫార్వర్డ్ లేదు, రివైండ్ లేదు. తిప్పి బి సైడ్ పెట్టడం నా డ్యూటీ. నేను బడికి పోయినప్పుడు అమ్మ లేచి తిప్పేది. అమ్మ కూడా పనిలో ఉంటే నిశ్శబ్దంగానే నేసేవాళ్ళు.

ఇప్పుడు ఫోన్‌లో పాట మొదలై పది సెకన్లు కాకముందే వేలు తర్వాతి పాట మీదికి పోతోంది. నాదీ అంతే. కానీ చిన్నప్పుడు విన్నవి అట్లా వినలేదు. ఒక ఆల్బమ్‌లో అందరూ మెచ్చే రెండు పాటల మధ్య ఎవరికీ పట్టని పాట ఒకటి ఉంటుంది. మగ్గం గదిలో దానికీ సమానంగానే వంతు వచ్చేది. వినగా వినగా కొన్నాళ్ళకు అదే ఎక్కువ నచ్చేది. నా జాబితాకు కొలత ఇదే పెట్టుకున్నా: ఎవరూ “మార్చురా” అనకుండా రెండు పక్కలూ ఆడిందా లేదా.

ఆ కొలతకు మొదట నిలిచింది ‘గీతాంజలి’. 1989లో వచ్చింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన సినిమా అదొక్కటే. ఇళయరాజా సంగీతం, పాటలు వేటూరివి. సినిమా నిండా మంచు, పొగ, ఊటీ చలి. మేము విన్నదేమో నల్లగొండ ఎండాకాలంలో, రేకుల కింద, చెమటకు బనియన్ వీపుకు అతుక్కున్న మగ్గాల గదిలో. ‘జల్లంత కవ్వింత’ అని చిత్ర వానలో తడుస్తూ పాడుతుంటే, మా ఊరి చేదబావిలో నీళ్ళు అడుగంటి ఉండేవి.

అందరూ ఆ సినిమాలో ‘ఆమని పాడవే’ అంటారు, ‘ఓ ప్రియా ప్రియా’ అంటారు. మా ఇంట్లో మాత్రం ‘నంది కొండ వాగుల్లోన’ పెద్ద పాట. మొదటిసారి ఆ లైను వినపడగానే నాయిన నాడె గుంజడం ఆపాడు.

“ఏందిరా? మన నందికొండనేనా?”

“ఏమో నాయినా.”

“మనదే. ఇంకేడుంటది నందికొండ?”

నాగార్జునసాగర్ కట్టింది నందికొండ దగ్గరే. 1955 డిసెంబరులో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేశాడు. ప్రపంచంలోనే పేరున్న రాతి ఆనకట్ట అది. ఆ రాళ్ళు మోసిన వేలమందిలో మా తాత కూడా ఉన్నాడు. నూలు దొరకక మగ్గం మూలపడ్డ రోజుల్లో కొన్నాళ్ళు అక్కడ కూలికి పోయాడట. ఆ తాత కొడుకు కాబట్టి మా నాయినకు ఆ పాట మీద హక్కు ఉంది. వేటూరి ఏ కొండను తలుచుకొని రాశాడో ఆయనకే తెలియాలి. మా ఇంట్లో అది సాగర్ పాట. బంధువులు వస్తే “మన సాగర్ మీద పాట పెట్టురా” అనేవాడు నాయిన. వాళ్ళు శ్రద్ధగా విని, డ్యాం గురించి ఒక్క ముక్క కూడా లేదేందని మొహాలు చూసుకునేవాళ్ళు.

‘శివ’ కూడా అదే ఏడాది, అదే ఇళయరాజా. మా బడి పిల్లలందరికీ ‘బోటనీ పాఠముంది’ నోటికి వచ్చు, బోటనీ అంటే ఏమిటో మాత్రం తెలియదు. ఆల్బమ్‌గా నా కొలతకు నిలవలేదు. ఆ సినిమాలో అసలు సంగీతమంతా పాటల బయట ఉంది, సైకిల్ చైన్ తెంపే దగ్గర వచ్చేది క్యాసెట్‌లో దొరకదు కదా.

అమ్మ ఓటు ‘స్వాతికిరణం’కు. ఇక్కడ అమ్మ పని గురించి చెప్పాలి. చీర చిటికి కట్టడానికి ముందు ఆసు పోయాలి. ఒక పక్క మేకులు కొట్టిన చెక్క, ఇంకో పక్క ఒక్క మేకు. వాటి మధ్య నూలు పట్టుకొని చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు వేల సార్లు. పొద్దున కూర్చుంటే పొద్దుమీకే దాకా అదే. చింతకింది మల్లేశం వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. మా ఇంటికి యంత్రం వచ్చేసరికి మా అమ్మ భుజం అరిగిపోయి చాలా ఏళ్ళయింది.

ఆసు దగ్గర కూర్చొని అమ్మ ‘స్వాతికిరణం’ వినేది. 1992లో వచ్చిన సినిమా, కె.వి. మహదేవన్ సంగీతం. అందులో చిన్న పిల్లవాడి పాటలన్నీ పాడింది వాణీ జయరాం. ‘ఆనతినీయరా’కు ఆమెకు జాతీయ అవార్డు వచ్చింది. ఇదేదీ అమ్మకు తెలియదు. సినిమా కూడా చూడలేదు, క్యాసెట్ మీద పిల్లవాడి బొమ్మ చూసింది, వాడే పాడుతున్నాడనుకుంది.

“గీ పోరని గొంతు జూడు, ఎంత సక్కగున్నదో. ఏమన్న చదువుకుంటడో లేదో” అని దిగులు పడేది.

ఆ గొంతు పెద్దామెదని చిన్నాయన చెప్పాడు. అమ్మ నమ్మలేదు. క్యాసెట్ కాగితం మీద పేరు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: “మరి ఆమె బొమ్మ ఏసేది పెట్టి పోరని బొమ్మ ఎందుకేసిన్రు?” ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. పాడినవాళ్ళ బొమ్మ కవర్ మీద వేసిన సినిమా క్యాసెట్ నేనైతే చూడలేదు. వాణీ జయరాం 2023 ఫిబ్రవరిలో పోయినప్పుడు టీవీలో ఆమె ఫొటో చూపిస్తే, “ఈమేనా మన పోరడు?” అన్నది అమ్మ.

నాయిన ఓటు గురించి గ్రూపులో పెద్ద లొల్లి అయింది. ఆయనకు ‘దానవీరశూరకర్ణ’ కావాలి. పాటలు కావు, మాటల క్యాసెట్. 1977లో ఎన్టీఆర్ తనే తీసి, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తనే వేసిన సినిమా. కొండవీటి వెంకటకవి మాటలు. మా దిక్కు చాయ్ హోటళ్ళలో ఆ క్యాసెట్ ఆడితే చాయ్ తాగేవాడు కప్పు చల్లారినా కదిలేవాడు కాదు. బడికి పోని మా నాయిన ఆ సమాసాలు తప్పు లేకుండా అప్పజెప్పేవాడు. దుర్యోధనుడు ఆచార్యుణ్ణి నిలదీసే చోట పన్నె గుద్దుడు కూడా గట్టిగా పడేది. “మాటల క్యాసెట్ ఆల్బమ్ ఎట్లయితదిరా?” అని ఒకడు అడిగాడు. రెండు పక్కలూ వింటే ఆల్బమే. నేను పెట్టేశాను.

ఘంటసాల భగవద్గీత పెట్టమని ఇంకొకడు. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయాక ఆ రికార్డు బయటికి వచ్చింది, అంత గొప్ప ఆల్బమ్ తెలుగులో తక్కువ, కాదనను. కానీ మా ఊళ్ళో అది మైకులో వినపడితే ఎవరు పోయారని అడగడమే అలవాటు. పొద్దుపొద్దున్నే అది గ్రూపులో పెడితే మా వాళ్ళు ఫోన్లు చేసుకుంటారు. వద్దన్నాను.

ఆ టూ ఇన్ వన్ ఎట్లా వచ్చిందో చెప్పలేదు. మా నేతవాడల నుంచి భీవండికో, షోలాపూర్‌కో, సూరత్‌కో మరమగ్గాల పనికి పోని ఇల్లుండదు. చిన్నాయన కూడా ఒక కరువు ఏడాది మగ్గం ఆపి భీవండి పోయాడు. పోయిన మరుసటి దసరాకు భుజం మీద పెట్టుకొని తెచ్చాడు దాన్ని. ఊళ్ళో బస్సు దిగి ఇంటిదాకా పాట పెట్టుకొనే నడిచొచ్చాడు. అది ‘ఆషిఖీ’.

1990లో ఆ క్యాసెట్ ఆడని పాన్‌డబ్బా హైదరాబాద్ నుంచి భీవండి దాకా ఉండదు. నదీమ్-శ్రవణ్ సంగీతం, టీ-సిరీస్ క్యాసెట్. కుమార్ సాను ఏం పాడుతున్నాడో మా వాడలో సగం మందికి అర్థం కాదు, అయినా అందరికీ కంఠతా వచ్చు. మా జిల్లాలో ఉర్దూ చెవికి కొత్త కాదు. నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకు మా వాడ నుంచి కూడా పోయేవాళ్ళు. పీర్ల పండుగకు అలావా నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్ళలో మా చిన్నాయన ముందుండేవాడు. హిందీ పాట మా ఇంట్లోకి బొంబాయి నుంచి వచ్చిందనుకుంటాం గానీ, దారి ఇక్కడే ఉంది.

కరెంటు సంగతి వేరే చెప్పాలి. మా ఊరికి కరెంటు ఉండేదనడం కంటే వచ్చిపోయేదనడం నయం. సెల్లులు వేస్తే లావు సెల్లులు, వాటి ఖర్చు నాయినకు గుండెలో గుచ్చుకునేది. అవి అరిగేకొద్దీ బాలు గొంతు సాగి సాగి మందు తాగినవాడి గొంతయ్యేది. అప్పుడు సెల్లులు తీసి మిద్దె మీద ఎండలో పెట్టేవాళ్ళం. ఎండకు కాసేపు ప్రాణం వచ్చేది. సాయంత్రం లో వోల్టేజీ ఉన్నా అదే తంతు. ‘క్షణక్షణం’లో ‘జామురాతిరి జాబిలమ్మ’ నేను మొదట విన్నది అట్లా సాగిన వేగంలోనే. సిరివెన్నెల మాటలు, కీరవాణి బాణీ, అసలే జోల పాట. సాగినా తప్పు పట్టేందుకు లేదు. తర్వాత అసలు వేగంలో వింటే, ఇంత తొందరేముందబ్బా వీళ్ళకు అనిపించింది. పెళ్ళిళ్ళ కాలంలో చీరలు తొందరగా దించాల్సి వచ్చి అర్ధరాత్రి దాకా మగ్గాలు ఆడేవి. ఆ రాత్రులకు ఆ ఆల్బమ్ సరిగ్గా సరిపోయేది. 2023లో కీరవాణి చేతిలో ఆస్కార్ చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ సాగిన పాటే.

‘రోజా’ రావడంతో మా టూ ఇన్ వన్ పరువు పోయింది. 1992లో ఎవరీ రెహమాన్ అని అందరూ అడిగారు. మొదటి సినిమాకే జాతీయ అవార్డు. మిన్‌మిని పాడిన ‘చిన్ని చిన్ని ఆశ’లో అడుగున ఒక దరువు ఉంటుంది, అది వచ్చినప్పుడల్లా మా డబ్బా స్పీకర్ గిర్రుమనేది. మగ్గం చప్పుడు మించి పాట వినపడాలంటే సౌండ్ పెంచాలి, పెంచితే గిర్రు. నాయిన రెండు మూడు రోజులు ఓర్చుకొని, “పాట బాగనే ఉన్నది, డబ్బానే సాల్తలేదు” అన్నాడు. కొత్తదాన్ని ఒప్పుకోవడంలో అంతకు మించిన పెద్దమనిషి తరహా నేను చూడలేదు. రాజశ్రీ తెలుగు మాటల్లో ‘నాగమణీ నాగమణీ’ మా వాడ ముసలివాళ్ళకు తెగ నచ్చింది. ‘రోజా’ డబ్బింగు కాబట్టి తెలుగు ఆల్బమ్ కాదని గ్రూపులో ఒకడు పేచీ. మేము తెలుగులో విన్నాం, తెలుగులో పాడుకున్నాం, ఇంకేం కావాలి?

అసలు చిక్కు ఇక్కడి నుంచి. ఇంతవరకు చెప్పినవాటికి కవర్ ఉంది, నెట్‌లో వెతికితే బొమ్మ దొరుకుతుంది. నా పెట్టెలో బాగా అరిగినవాటికి కవరే లేదు.

నల్లగొండ గడియారం దగ్గర ఒక రికార్డింగ్ సెంటర్ ఉండేది. పాటల లిస్టు రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాడు. దుకాణం అన్న చెవిలో ఎప్పుడూ పెన్ను, ముందర రెండు డెక్కులు. మనం పన్నెండు పాటలు రాస్తే మనిషి లిస్టు ఒకసారి చూసి, “తమ్మీ, ఇది ఏడు నిమిషాల పాట, పక్కకు పట్టదు, తీసెయ్యనా?” అనేవాడు. నిమిషాలన్నీ నోటి లెక్కే. నేర్పు ఏమిటంటే, పక్క చివర పాట మధ్యలో తెగకూడదు, అట్లని ఖాళీ టేపు మిగలకూడదు. ఆ కూర్పు మీద ఆయనకు పంతం. మనం అడగని పాట ఒకటి చివర ఇరికించేవాడు, “విను, మంచిగుంటది” అని. అట్లా ఇరికించినవే ఎక్కువ విన్నాను. అవి ఏ సినిమావో కొన్నింటికి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఈ పని చట్టం ఒప్పుకోదని అప్పట్లో మాకెవరికీ తట్టలేదు, తట్టినా అసలు క్యాసెట్ కొనే డబ్బులు లేవు.

ఆ సెంటర్‌లో కూడా రాయించలేని పాటలు ఇంకొన్ని. మా పక్కింటి మామ దగ్గర ఒక క్యాసెట్ ఉండేది. పైన బాల్‌పెన్నుతో ‘సుప్రభాతం’ అని రాసి ఉంటుంది. పెట్టగానే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ‘కౌసల్యా సుప్రజా’ అని మొదలుపెడుతుంది కూడా. రెండు మూడు నిమిషాలు. ఆ తర్వాత కిర్రుమని ఒక చప్పుడు, డప్పు, గద్దర్ గొంతు. 1990లో ఆయన అజ్ఞాతం నుంచి బయటికి వచ్చినప్పుడు ఆ పాటలు పగలే పాడుకున్నారు. 1992లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చాక మళ్ళీ సుప్రభాతం చాటుకు పోయాయి. కాపీకి కాపీ, దానికి కాపీ. చప్పుడులోంచి మాటలు ఏరుకోవాలి. జనం చప్పట్లు, ఒకచోట పిల్ల ఏడుపు, ఎవరో దగ్గు కూడా పాటలో భాగమే. ఆ దగ్గు ఎక్కడ వస్తుందో ఇప్పటికీ చెప్పగలను. తర్వాత అవే పాటలు స్టూడియోలో శుభ్రంగా రికార్డు చేసినవి విన్నాను, ఆ చోటికి రాగానే దగ్గు కోసం చెవి ఆగుతుంది.

అందులోనే ‘బండెనక బండి కట్టి’ ఉండేది. 1980లో ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడాడు, రాసింది బండి యాదగిరి. అదే సినిమాలో ‘పల్లెటూరి పిల్లగాడా’ రాసింది సుద్దాల హనుమంతు. సుద్దాల అప్పుడు మా నల్లగొండ జిల్లానే. ఆ పాట వస్తే మా అవ్వ చేటలో బియ్యం చెరుగుతున్నా ఆపేది. ఆమెకు అది సినిమా పాట కాదు. తన చిన్నతనంలో సంఘపోళ్ళు, అంటే నిజాం మీద కొట్లాడిన కమ్యూనిస్టులు, ఊళ్ళోకి వచ్చి పాడిన పాట. “సినిమాలోళ్ళు గిప్పుడు నేర్సుకున్నరా?” అనేది. అవ్వకు సినిమావాళ్ళంటే మొత్తానికే చులకన.

అమ్మమ్మగారి ఊరు అచ్చంపేట దిక్కు. ఎండాకాలం సెలవులకు అక్కడికి పోతే కిన్నెర వినపడేది. సొరకాయ బుర్రలు కట్టిన వెదురు, దాని మీద పన్నెండు మెట్లు, కొసన చెక్క నెమలి. వాయిస్తుంటే ఆ నెమలి తల ఊపేది. నేను పాట వదిలి నెమలినే చూసేవాణ్ణి. పాడేది పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ. పెద్దోళ్ళను దోచి పేదోళ్ళకు పెట్టిన పాలమూరు సాయన్న. మా మేనమామ ఒకసారి ఆ పాటను టూ ఇన్ వన్ మైకుతో పట్టాడు. రికార్డు చేయడానికి వీల్లేకుండా వెనక చెవులు విరిగిన పాత సినిమా క్యాసెట్ ఒకటి దొరికితే, ఆ తొర్రకు కాగితం కుక్కి దాని మీదే ఎక్కించాడు. సాయన్న కథ అయిపోగానే అడుగున మిగిలిన పాత సినిమా డ్యూయెట్ సగంలోంచి అందుకునేది. 2021లో దర్శనం మొగులయ్య కిన్నెరతో ‘భీమ్లానాయక్’ పాట మొదలుపెట్టినప్పుడు దేశమంతా ఇదేం వాద్యమని అడిగింది. మరుసటి ఏడాది ఆయనకు పద్మశ్రీ. ఆయనది లింగాల మండలం, మా అమ్మమ్మగారి ఊరికి దూరం కాదు. ఆ పాట వినగానే డ్యూయెట్ ఇంకా రాలేదేందని చూశాను.

అదే నాగర్‌కర్నూల్ దిక్కు గౌరారం గోరటి వెంకన్నది. ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002లో ‘కుబుసం’ సినిమాతో ఊరూరికీ పోయింది. అందులో కులవృత్తులన్నీ ఒక్కొక్కటే మూలపడిన వరుస వస్తుంది. అప్పటికి మా ఇంట్లో ఒక మగ్గం విప్పేసి అటక మీద పెట్టారు. నాయిన ఆ పాటను ఒక్కసారి పూర్తిగా విని, క్యాసెట్ తీసి నాకిచ్చి, “నీ రూంల పెట్టుకో” అన్నాడు. మగ్గాల గదిలో మళ్ళీ ఆడనియ్యలేదు. నా కొలత ప్రకారం అది జాబితాలోకి రాకూడదు. కానీ పెట్టాను. కొలత నాదే కదా.

కవర్ లేనివాటికి ఏం చేయాలి? క్యాసెట్‌నే టేబుల్ మీద పెట్టి ఫొటో తీశాను. తెల్ల లేబులు, చెదిరిన నీలం సిరా, ‘సుప్రభాతం’ అన్న అక్షరాలు. పెట్టిన పది నిమిషాలకు ఒకడు దండం బొమ్మ పెట్టి “ఓం నమో వెంకటేశాయ” అన్నాడు. వాడు ఊరికి కొత్తగా వచ్చి పదో తరగతిలో చేరినవాడు, పాపం. మిగతావాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. మా వాడ పిల్లలందరికీ ఆ సుప్రభాతం తెలుసు. ఆ సాయంత్రానికి ఇంకో ముగ్గురు తమ ఇళ్ళలో ఉన్న కవర్ లేని క్యాసెట్లు తీసి పెట్టారు. ఒకదాని మీద ‘మల్లన్న కథ’, ఒకదాని మీద ‘మంచివి’ అని మాత్రమే. ఇంకోదాని మీద ‘ముట్టద్దు’.

భీవండి నుంచి చిన్నాయన పంపిన క్యాసెట్ మాత్రం గ్రూపులో పెట్టలేదు. ఉత్తరం రాయడం ఆయనకు రాదు. ఊరికి వచ్చేవాళ్ళ చేతికి క్యాసెట్ ఇచ్చేవాడు. ఏ సైడ్ నిండా ‘ఆషిఖీ’. బి సైడ్‌లో రెండు పాటలయ్యాక పాట తెగి మరమగ్గాల రొద. అందులోంచి అరుస్తూ, “అన్నా, మంచిగున్నరా? వదినె చెయ్యి ఎట్లున్నది? పోరన్ని మంచిగ సదువుకొమ్మను. పైసలు వచ్చే నెల పంపుత. గీడ అన్నం మంచిగనే పెడ్తున్నరు.” ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక కాసేపు ఊరుకుంటాడు, రొద మాత్రం వినపడుతుంది. “సరే, ఇగో పాట ఇను” అని మళ్ళీ కుమార్ సాను. నాయిన దాన్ని మగ్గం మీద వినేటప్పుడు ఇటు మా మగ్గం, అటు క్యాసెట్‌లో మరమగ్గం, రెండూ ఒకేసారి ఆడేవి. ఇది ఇంట్లోవాళ్ళ సొత్తు. మొన్న దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి చిన్నాయన ఫోన్‌కే పంపాను. విని, “నా గొంతు గట్లుండెనా?” అని అడిగాడు. తర్వాత తన దోస్తులందరికీ తనే ఫార్వర్డ్ చేశాడు. నేను దాచిపెట్టి ఏం లాభం?

ఎక్కించడం గురించి అడిగినవాళ్ళకు ఒక మాట. పాత క్యాసెట్‌ను నేరుగా ఆడించకండి. ఏళ్ళ తరబడి చుట్టుకున్న టేపు అతుక్కొని ఉంటుంది. ముందు నటరాజ్ పెన్సిల్ పెట్టి మెల్లగా నాలుగు చుట్లు తిప్పండి, తర్వాత ఆ కొస నుంచి ఈ కొసకు ఒకసారి ఫార్వర్డ్, ఒకసారి రివైండ్. ప్లేయర్ హెడ్‌ను స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి, దూది మీద గోధుమరంగు పొడి రావడం ఆగేదాకా. టేపు తెగితే భయపడొద్దు, పెట్టె మూలల్లో మరలు ఉంటే విప్పి సన్నని అంటుపట్టీ వెనక వైపు అతికించొచ్చు. ఫంగస్ తెల్లగా పట్టి ఉంటే మాత్రం మంచి ప్లేయర్‌లో పెట్టొద్దు, దానికి పనికిరాని పాతది ఒకటి కొనుక్కోండి.

ఈ హడావుడంతా చూసి అమ్మ రోజూ అడుగుతోంది, ఏం పెట్టినవ్, ఎవరేమన్నరు అని. ‘స్వాతికిరణం’ పెట్టానంటే సంతోషపడింది. ఇప్పుడు కొత్త పేచీ. చుక్క సత్తయ్య ఒగ్గు కథ పెట్టమంటోంది. డోలు, తాళాలు, ఒగ్గు అనే చిన్న డమరుకం, మధ్యలో నవ్వించే మాటలు. రేడియోలో వస్తే ఆసు పక్కకు నెట్టి వినేది. ఆల్బమ్ అంటే ఇట్లా ఇట్లా ఉండాలమ్మా, కథ కాదు అని నచ్చజెప్పబోయాను.

“నాయిన ఎన్టీరామారావు మాటలు పెట్టినప్పుడు లేదా?”

దానికి ఏం చెప్పను? దొరికినంత వెతికి, ఒక భాగం దొరికిందని వినిపించాను. సగం విని ఫోన్ నా చేతికిచ్చేసింది.

“ముక్కలు పెట్టకురా. పెడితే ఆఖరుదాక పెట్టు, లేకుంటే లేదు.”

ఎవరి దగ్గరన్నా పూర్తిది ఉంటే చెప్పండి. కవర్ లేకున్నా పరవాలేదు.